తొట్టిలో కడిగిన స్ప్రేయర్

మాచర్ల దగ్గర అడవి అంచున మాకు రెండెకరాల మిరప చేను ఉంది. మూడేళ్ల కిందట, ఎండలు ముదురుతున్న రోజుల్లో, చేనుకు చివరిసారి మందు కొట్టాను. ఆ పూట కరెంటు లేక బోరు ఆడలేదు. గట్టు దాటితే అడవి జంతువుల కోసం కట్టిన సిమెంటు తొట్టి ఉంది. ఫారెస్టు వాచర్ సుబ్బయ్య ట్యాంకరు తెప్పించి దాన్ని నింపిస్తుంటాడు. స్ప్రేయర్‌ను అందులోనే ముంచి కడిగేశాను. అన్ని నీళ్లలో ఆ కాస్త మందు ఏం చేస్తుందిలే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే సుబ్బయ్య నన్ను కేకేశాడు. తొట్టి చుట్టూ గువ్వలు చచ్చి పడి ఉన్నాయి. ఒక కౌజు పిట్ట అంచు మీదే మెడ వాల్చేసింది. దాని ముక్కు ఇంకా నీళ్లలోనే ఉంది.

“ఏందిది బాబాయ్, ఎవరో వేటకొచ్చి మందు కలిపినట్టుంది. నువ్వేమన్నా చూశావా?” అన్నాడు.

“నేను చూళ్లేదురా” అన్నాను.

ఇద్దరం నీళ్లన్నీ తోడేసి, గుంట తీసి పిట్టల్ని పూడ్చాం. తొట్టిని మూడుసార్లు కడిగాం. వెళ్లేముందు సుబ్బయ్య నా చెయ్యి పట్టుకుని, “నీలాంటోళ్లు ఇంకో నలుగురుంటే చానా బాగుండు బాబాయ్” అన్నాడు. ఆ చేతికి మందు వాసన ఇంకా పోలేదు.

అప్పటినుంచి ఏటా ఎండాకాలం నా బోరు నీళ్లే ఆ తొట్టికి పెడుతున్నాను. సుబ్బయ్య కనపడ్డవాళ్లందరికీ నా మంచితనం గురించి చెబుతుంటాడు. ఇది అచ్చయితే ఈ పేజీ తీసుకెళ్లి అతని చేతికిస్తాను. నోటితో చెప్పడం నా వల్ల కాలేదు.