వంటింటి గుమ్మానికి కొలత

మా మరదలిని షాపులో అందరూ కొలతలమ్మ అంటారు. ఫ్రిజ్ కొనవచ్చిన ప్రతివారి చేతిలోనూ ఒక పురికొస ముక్క పెట్టి, "వంటింటి గుమ్మం వెడల్పు చూసి, అక్కడ ముడి వేసి తీసుకురండి" అంటుంది. ఒకసారి ఎవరో గొప్పకు పోయి రెండు తలుపుల ఫ్రిజ్ కొన్నారు. అది గుమ్మంలో ఇరుక్కుంటే ద్వారబంధం పగలగొట్టించుకున్నారు. ఆమెకు ఈ అలవాటు అప్పటినుంచే.

మేనేజరుకు ఇది ఒళ్ళు మంట. కొలవడానికి ఇంటికి వెళ్ళిన మనిషి చల్లబడతాడట. "పక్కింట్లో ఏముందో అడగండి, అంతకంటే పెద్దది చూపండి" అని శిక్షణ కాగితం మీద నిస్సిగ్గుగా అచ్చు వేయించాడు. దాని ప్రతి నా దగ్గర భద్రంగా ఉంది. చివరికి ఆయన తేల్చి చెప్పాడు: "ఇంకోసారి ఆ దారం బయటికెళ్తే, దాని వెనకే నువ్వూ వెళ్తావమ్మా."

మా తమ్ముడు మంచాన ఉన్నాడు. ఇల్లు నడిచేది ఆమె జీతం మీదే.

మరునాడే, ఇళ్ళలో పనిచేసే ఒకామె వచ్చి అన్నిటికంటే పెద్ద ఫ్రిజ్ మీద చెయ్యి వేసింది.

"ఇంట్లో ఎంతమంది అక్కా?"

"నేనొక్కదాన్నే."

"మరి చిన్నది సరిపోతుందిగా."

"ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ ఫ్రిజ్‌లు తుడిచాను. ఇంత పెద్దది మీకెందుకని వాళ్ళనెవరైనా అడిగారా? నాకేది సరిపోతుందో నువ్వు చెప్పకు తల్లీ."

ఫ్రిజ్ అవసరమంటే చల్లదనమేనని అంతవరకూ మా మరదలు అనుకుంది. నేనూ అంతే, ఎన్ని పుస్తకాలు చదివి ఏం లాభం.

మేనేజరు చూస్తుండగానే ఆమె పురికొస తెంచింది. "పెద్దదే తీసుకో అక్కా. గుమ్మం మాత్రం చూసుకునిరా."

"బేరం పోగొట్టావు," అన్నాడాయన. "సాయంత్రందాకా చూస్తాను. ఆవిడ రాకపోతే నీ సంచీ సర్దుకో."

షట్టరు దించే వేళకు ఆ పనామె ముడి వేసిన పురికొసతో వచ్చింది. ఫ్రిజ్‌కు ఆనించి చూస్తే ముడి ఇవతలే ఆగింది.

"వంటింట్లోకి పట్టదక్కా."

"ముందుగదిలో పెడతాలే, వీధి గుమ్మం వెడల్పే. వచ్చినవాళ్ళు చూడొద్దూ?"

మేనేజరు నవ్వాడు. "చూశావా, కొనేవాళ్ళు ఎలాగైనా కొంటారు. మధ్యలో నీ దారమెందుకు?"

"ఈమె గుమ్మం పగలగొట్టుకోదు సార్."

అలా అని, వెనక నిలబడ్డ దంపతుల వైపు తిరిగి, ఆయన ముందే మరో ముక్క తెంచింది. పురికొస ఉండ ఇప్పటికీ కౌంటరు మీదే ఉంది. ఆమె కూడా అక్కడే ఉంది.