ఆర్గన్ లేని ఈస్టరు పాట

బుర్జ్ హమ్మూద్ పేటలోని ఆర్మేనియన్ చర్చిలో క్వయర్‌ను ఏళ్ల తరబడి నడిపిస్తున్నది అరూస్యాగ్. పగలు చిన్నపిల్లల బడిలో టీచరు. మనిషి మెతకే గానీ, పాట దగ్గర మాత్రం ఎవరికీ తలొగ్గదు.

ఆ ఏడాది ఈస్టరు దగ్గరపడుతుండగా చర్చి ఆర్గన్ కాలిపోయింది. కరెంటు వస్తూ పోతూ దాన్ని చంపేసింది. మెకానిక్ పండగ దాటాకే చూస్తానన్నాడు.

మగవాళ్లలో కింది గొంతు బేస్ పాడేవాళ్లకు పెద్ద కర్నిగ్, చెప్పుల కార్ఖానా యజమాని. ఏటా పాడే పెద్ద పాటనే వాద్యం లేకుండా పాడేద్దామని పట్టుబట్టాడు. అరూస్యాగ్ కుదరదంది. అందులో ఒక్కో గొంతు ఒక్కోచోట అందుకోవాలి. దారి తప్పినవాళ్లను ఇన్నాళ్లూ ఆర్గనే చెయ్యిపట్టి నడిపించింది. పైగా మగవాళ్లలో పై గొంతు పాడే టెనర్లు ఇద్దరే మిగిలారు, అందులో ఒకడికి బేస్ వైపు జారిపోవడం అలవాటు.

సాయంత్రం వంటింటి బల్ల మీద పాత స్వరపత్రాలన్నీ పరుచుకుని, నాలుగు వరసలూ తనే ఒకదాని తర్వాత ఒకటి పాడి చూసుకుంది. గొంతు చించుకోవాల్సినవి పక్కన పెట్టింది. అందరూ ఒకే మాటను ఒకేసారి పలికి, ఒకేచోట ఊపిరి తీసుకునే కీర్తన ఒకటి నచ్చింది. అందులో టెనర్ వరస పెద్దగా పైకెక్కదు. మంద్ర గొంతున్న ఆడమనిషి కూడా పాడొచ్చు. మర్నాటి సాధనలో కర్నిగ్ భార్య జాబెల్‌ను, ఆడవాళ్లలో కింది గొంతు పాడే ఆల్టోల్లోంచి తెచ్చి టెనర్ల పక్కన నిలబెట్టింది.

"ఇది నీ బడిపిల్లల పాటలా ఉంది టీచరమ్మా. పండగపూట మా పరువు తీస్తావా?" అన్నాడు కర్నిగ్.

"అంత తేలికైతే నీ వరస నువ్వొక్కడివే పట్టుకో. నీతో సొప్రానోలు మాత్రమే పాడతారు," అంది అరూస్యాగ్.

రెండో పాదానికే కర్నిగ్ పై గొంతు ఆడవాళ్లయిన ఆ సొప్రానోల వరసలోకి వెళ్లిపోయాడు.

"ఇంట్లో నా మాట చెవికెక్కదు. పరాయి ఆడవాళ్ల పాటయితే ఇట్టే ఎక్కుతుంది," అంది జాబెల్. గది గొల్లుమంది. కర్నిగ్ ముఖం ముడుచుకున్నాడు గానీ, తర్వాతి సాధనకు తన వరస కంఠతా పట్టుకొచ్చాడు.

ఇంకో చిక్కు మిగిలింది. మూడో చరణానికి వచ్చేసరికి అందరి శ్రుతీ కిందికి దిగిపోతోంది. అరూస్యాగ్ ఆ చరణం తీసేసింది. పాస్టరు సందేహిస్తే, "దేవుడికది ఎలాగూ తెలుసు లెండి," అంది.

పండగరోజు పాట సగంలో ఉండగా పక్కింటి జనరేటర్ మొదలైంది. కొందరు గొంతు పెంచబోయారు. అరూస్యాగ్ అరచెయ్యి కిందికి దించి తగ్గించమంది. తగ్గించాక ఒకరి గొంతు ఒకరికి వినపడింది. బయట మోత ఆగలేదు, లోపల పాట చెదరలేదు. చివరి స్వరం నాలుగు గొంతుల్లోనూ స్థిరంగా నిలిచి, మెల్లగా సద్దుమణిగింది. ముందు వరసలో ముసలమ్మ ఒకామె ఆమేన్ చెప్పడం కూడా మరిచిపోయింది.

బయట పండగకు చేసే తియ్యటి చోరెగ్ రొట్టె తుంచుకుంటూ కర్నిగ్ ఆమె దగ్గరికొచ్చాడు. "వచ్చే పెంతెకొస్తు పండగకూ ఇలాంటిదే చూడు టీచరమ్మా. కాకపోతే బేసుకి కాస్త ఎక్కువ పని పెట్టు."

"ఎప్పుడో చూసి పెట్టాను," అంది అరూస్యాగ్.