మేజోళ్ళు తొడిగిన వ్యాన్

మేము ఆ ఊరు చేరేసరికి మధ్యాహ్నం రెండు. మంచు పక్కవాటుగా పడుతోంది. వాషింగ్టన్ రాష్ట్రంలో, కాస్కేడ్ కొండల మధ్య చిన్న ఊరు. ఒక గ్యాస్ స్టేషన్, ఒక హైస్కూలు, ఒక ఆటో పార్ట్స్ షాపు. మా బస హైస్కూలు జిమ్‌లో. బాస్కెట్‌బాల్ కోర్టు మీద మడత మంచాలు వేశారు. లోపల చెమట వాసన, రబ్బరు వాసన. హీటర్ పనిచేస్తోంది. సైనికుడికి అంతకన్నా కావలసింది లేదు.

అప్పుడు నేను రాష్ట్ర గార్డ్‌లో డ్రైవర్‌ని. గార్డ్ అంటే ఏమిటో మనవాళ్ళకు చెప్పడం కష్టం. నెలకో వారాంతం యూనిఫాం, మిగతా రోజుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వరదో, కార్చిచ్చో, మంచు తుఫానో వచ్చి గవర్నర్ పిలిస్తే లాప్‌టాప్ మూసి బయల్దేరాలి. ఇప్పుడు గార్డ్ వదిలేసి దక్షిణాన కాపెల్ అనే ఊళ్ళో స్థిరపడ్డాను. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ఎవరో ఒక అంకుల్ అడుగుతారు. "ఆర్మీలో చేశావంట కదమ్మా, గన్ పేల్చావా?" పేల్చాను, అట్టముక్కల మీద. నేను నిజంగా భయపడిన రోజు మాత్రం నా చేతిలో ఉన్నది రెండు గుడ్డ తొడుగులు. ఆ మాట చెప్పగానే అంకుల్ చూపు బిర్యానీ వైపు పోతుంది. అయినా చెబుతాను.

మేము నలుగురం. సార్జెంట్, రేడియో ఆపరేటర్, మెడిక్, నేను. మెడిక్ మన పిల్లవాడే. మిషిగన్‌లో, ట్రాయ్‌లో పుట్టి పెరిగాడు. ఉద్యోగం కోసం సియాటిల్ వచ్చి గార్డ్‌లో చేరాడు. నేను వరంగల్‌లో పుట్టి, చిన్నప్పుడే తూర్పు తీరంలోని పార్సిప్పనీ వచ్చినదాన్ని. యూనిట్ మొత్తంలో తెలుగువాళ్ళం మేమిద్దరమే. నన్ను అక్కా అనేవాడు.

మంచు తుఫానుకు కొండ దారి మూసేశారు. మాకు అందిన ఆజ్ఞ తేలికైనదే. కొండకు ఇవతలి జనానికి అవతలి నుంచి మందులు తేవాలి, అవసరమైనవాళ్ళను అవతలి ఆసుపత్రికి చేర్చాలి. మాకు ఒక పెద్ద ట్రక్కు ఉంది. చక్రాలకు గొలుసులు వేస్తే అది గోడలైనా ఎక్కుతుంది. మొదటి రెండు రోజులు మందులు, బేబీ ఫుడ్, జనరేటర్ తెచ్చాం. నాకు కాస్త గర్వం కూడా వచ్చింది.

మూడో రోజు ఉదయం మెడిక్ ఒక ఇంటికి వెళ్ళి వచ్చి నన్ను పక్కకు పిలిచాడు. ఆ ఇంట్లో హెలెన్ అని ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటుంది. స్కూల్లో సంగీతం చెప్పి రిటైరయింది. రెండు కిడ్నీలూ పోయాయి. డయాలసిస్ కొండ అవతలే. రోడ్డు మూసేయడంతో రెండు సార్లు తప్పిపోయింది.

"ఇవాళ వెళ్ళాలి అక్కా. రేపటికి ఆగదు. కాళ్ళు బాగా వాచింది. పడుకుంటే బ్రీతింగ్ రావట్లేదు, నైట్ అంతా చైర్‌లోనే కూర్చుంది. పొటాషియం ఇంకా పెరిగితే హార్ట్ ఆగిపోవచ్చు."

హెలికాప్టర్ అడిగాం. మబ్బులు చెట్ల కొనల దాకా దిగి ఉన్నాయి, రాలేమన్నారు. ట్రక్కు ఎక్కించబోయాం. ట్రక్కు మెట్టు నా ఛాతీ ఎత్తు. ఇద్దరం ఎత్తి పట్టుకున్నాం. సగంలో ఆవిడకు ఊపిరి అందలేదు. పెదాలు నీలంగా మారాయి. మళ్ళీ వీల్‌చెయిర్‌లో కూర్చోబెట్టాం. ఆవిడ మమ్మల్ని చూసి, "క్షమించండి, మీకు శ్రమ ఇస్తున్నాను" అంది. నాకు ఏడుపొచ్చింది.

ఊళ్ళో పెద్దవాళ్ళ కోసం నడిపే సీనియర్ సెంటర్‌కు ఒక వీల్‌చెయిర్ వ్యాన్ ఉంది. నేల బాగా కిందికి ఉంటుంది, ర్యాంప్ మీద కుర్చీ నేరుగా లోపలికి తోసేయొచ్చు. సార్జెంట్ దాన్ని చూసి, "గొలుసులు వేసి బయల్దేరు" అన్నాడు. నేను మంచులో పడుకుని ముందు టైరు వెనక చెయ్యి పెట్టాను. టైరుకూ లోపలి గొట్టాలకూ మధ్య చిటికెన వేలు కూడా దూరలేదు. ఈ బండికి గొలుసులు వేయకూడదని మాన్యువల్‌లో కూడా ఉంది. ఆ మాటే చెప్పాను.

"మాన్యువల్ రాసినవాడు ఎప్పుడైనా మంచు చూశాడా?" అన్నాడు సార్జెంట్. షాపులో అన్నిటికన్నా సన్న గొలుసు తెప్పించి తనే వేశాడు. పది అడుగులు నడిపానో లేదో, లోపలి నుంచి టకటకమని శబ్దం. ఆపి చూస్తే గొలుసు బ్రేకు గొట్టాన్ని గీరేసింది. ఇంకొంచెం దూరం పోయుంటే గొట్టం తెగేది. దిగుడులో బ్రేకు లేని బండి. సార్జెంట్ గొలుసు విప్పాడు.

"ఇంకేం దారుంది?" అన్నాడు.

"సాక్స్" అన్నాను.

టైర్లకు తొడిగే గుడ్డ తొడుగులవి. స్నో సాక్స్ అంటారు. తడి నేల మీద గోనెపట్టా వేస్తే కాలు జారదు చూడండి, అలాగే ఆ ముతక నేత మంచును పట్టుకుంటుంది. మందం ఉండదు కనుక లోపల దేనికీ తగలదు. పార్సిప్పనీలో మా నాన్న ఒకసారి కొన్నాడు. అపార్ట్‌మెంట్ అంకుల్స్ అందరూ కిందికి దిగి వచ్చి, "కారుకి చలేస్తుందా సార్?" అని ఆటపట్టించారు. ఆ రోజు ఆఫీస్‌కి వెళ్ళగలిగింది మా నాన్న ఒక్కడే.

షాపులో వెనక కొక్కేనికి ఒకే ఒక్క ప్యాకెట్ వేలాడుతోంది. సైజు సరిపోయింది. సార్జెంట్ ఒకటి బయటికి తీసి సాగదీసి చూశాడు. "ఇది మా అమ్మమ్మ దిండు గలీబు" అన్నాడు. చట్టం ఒప్పుకుంటుందో లేదోనని రేడియోలో రోడ్డు పోలీసును అడిగాడు.

"గొలుసులకు బదులు వాడొచ్చు. నేనైతే వాటితో ఆ కొండ ఎక్కను" అని జవాబొచ్చింది.

సార్జెంట్ నా వైపు తిరిగాడు. "నడిపేది నువ్వు. నువ్వు వద్దంటే వద్దు. నిన్నెవరూ ఏమీ అనరు." వద్దంటే ఆవిడ ఆ కుర్చీలోనే పోతుంది. సరేనంటే బండి లోయలోకి పోవచ్చు. "వెళ్తాను" అన్నాను.

సార్జెంట్ తొడుగులు తీసుకుని వెనక చక్రాల దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. జీవితమంతా ట్రక్కులతో గడిపినవాడు. ఈ బండిని ముందు చక్రాలే లాగుతాయని చెబితే లేచి, ప్యాంటు దులుపుకుని, ముందుకొచ్చి కూర్చున్నాడు. టైరు పై సగానికి తొడగాలి, బండిని అర చుట్టు ముందుకు కదపాలి, మిగతా సగం లాగాలి. చెప్పినంత తేలికగానే అయింది. చీర కుచ్చిళ్ళు సర్దుకోవడానికి నాకు ఇంతకన్నా ఎక్కువసేపు పడుతుంది.

ముందు ట్రక్కు, వెనక మా వ్యాన్. ట్రక్కులో సార్జెంట్, రేడియో ఆపరేటర్. వ్యాన్‌లో నేను, వెనక హెలెన్, ఆవిడ పక్కన మెడిక్. తొడుగులతో ముప్ఫై మైళ్ళ వేగం దాటకూడదు. చక్రం ఉన్నచోటే తిరగకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, మంచు లేని ఉత్త రోడ్డు మీద నడపకూడదు. తారు గుడ్డను తినేస్తుంది.

ఎక్కుడు మొదలైంది. గొలుసుల మోత లేదు. వైపర్ల చప్పుడొక్కటే. ఒక మలుపులో బండి కొద్దిగా పక్కకు జరిగింది. నా నోటికి తెలుగే వచ్చింది.

"జారింది. ఆమెకు తెల్వనీయకు."

"ఓకే అక్కా. ఇక్కడ ఆక్సిజన్ నంబర్ తగ్గుతుంది. కొంచెం పెంచాను."

అప్పటి నుంచి అదే పద్ధతి. మంచి కబురైతే ఇంగ్లీషు, చెడ్డ కబురైతే తెలుగు. పెద్దావిడ బెదరకుండా ఉండాలని. భలే తెలివైన పని చేస్తున్నామనుకున్నాం.

శిఖరం మీద గాలి మంచునంతా ఊడ్చేసింది. ఎదురుగా మైలు పొడవున నల్లటి తారు. రేడియోలో సార్జెంట్, "ఆగకు, నా వెనకే రా" అన్నాడు.

"ఆగాలి. తొడుగులు తీయకపోతే అవి ఇక్కడే చిరిగిపోతాయి. దిగేటప్పుడు ఏమీ మిగలదు."

"ఆవిడకంత వ్యవధి ఉందా?"

మెడిక్‌ని తెలుగులో అడిగాను. "తెలీదు అక్కా. తొందరగా చెయ్" అన్నాడు.

దిగాను. మందపాటి గ్లోవ్స్‌తో గుడ్డ చేతికి అందదు, తీసేశాను. గాలికి వేళ్ళు మొద్దుబారాయి. నీళ్ళు కారుతున్న తొడుగులు చూస్తుండగానే అప్పడాల్లా బిగుసుకుంటున్నాయి. మెడిక్ వాటిని లాక్కుని జాకెట్ లోపల, చొక్కాకు ఆనించి పెట్టుకున్నాడు. పళ్ళు టకటకలాడుతుంటే హెలెన్‌తో ఇంగ్లీషులో, "ఏం లేదండి, చిన్న విరామం" అన్నాడు. మైలు దాటాక మళ్ళీ తొడగాలి. ఈసారి సార్జెంట్ ట్రక్కు దిగి, గాలికి ఎదురీదుతూ వచ్చి, రెండో చక్రం దగ్గర కూర్చున్నాడు. గలీబు మాట ఎత్తలేదు.

దిగుడు గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఆఖరి పెద్ద మలుపులో వెనక చక్రాలు లోయ వైపు వెళ్ళాయి. "గట్టిగ పట్టుకో" అన్నాను మెడిక్‌తో. బ్రేకు మీద కాలు వేయలేదు. ముందు చక్రాలు మంచును పట్టుకున్నాయి, బండి మెల్లగా దారికొచ్చింది. ఆ పట్టు స్టీరింగ్‌లో నా చేతులకు తెలిసింది. ఎవరో నా కొంగు పట్టి వెనక్కి లాగినట్టనిపించింది.

ఆసుపత్రిలో వాళ్ళు వాకిట్లోనే నిలబడి ఉన్నారు. హెలెన్‌ను నేరుగా లోపలికి తీసుకుపోయారు. నేను కాఫీ తెచ్చుకుని తాగడం మరిచిపోయాను. సాయంత్రం నర్సు బయటికొచ్చి, "ఇక ఫరవాలేదు" అంది. మెడిక్ నేల మీద చతికిలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. సార్జెంట్ గోడ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

రోడ్డు తెరిచేదాకా హెలెన్ ఆసుపత్రి ఉన్న ఊళ్ళోనే చెల్లెలి ఇంట్లో ఉంటానంది. అక్కడిదాకా మేమే దింపాలి. అటంతా మంచు ఎత్తేసిన రోడ్డే, ఏ తొడుగులూ అక్కర్లేదు. వ్యాన్ ఎక్కగానే ఆవిడ నెమ్మదిగా అంది. "మీరిద్దరూ మీ భాషలోకి మారిన ప్రతిసారీ నాకు గుండె జారిపోయింది. పిల్లల గొంతులు వినడమే కదా నా ఉద్యోగం."

మాకిద్దరికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఇప్పుడు అదే భాషలో మాట్లాడండి. భయం లేనప్పుడు ఎలా ఉంటుందో వినాలనుంది" అంది.

"ఏం మాట్లాడాలి అక్కా?" అన్నాడు మెడిక్.

"ఏదైనా మాట్లాడు. మీ అమ్మ ఫోన్‌ల ఏమన్నది?"

"పులిహోర చేసి ఫ్రీజర్‌లో పెట్టిందంట. నేను ట్రాయ్ వస్తేనే తీస్తుందంట. నాన్న అడిగితే కూడా ఇవ్వట్లేదు."

"పాపం మీ నాన్న."

"నాన్న రోజూ ఫ్రీజర్ ఓపెన్ చేసి చూసి క్లోజ్ చేస్తున్నాడంట అక్కా."

రెండు రోజుల తర్వాత రోడ్డు తెరుచుకుంది. మడత మంచాలు ఎత్తేశాం. ట్రక్కు కడిగి అప్పగించి ఇంటికొచ్చాను. సోమవారం ఉదయం మీటింగ్‌లో ఎవరో, "వెకేషన్ బాగా జరిగిందా?" అన్నారు. బాగానే జరిగిందన్నాను. వాళ్ళనేమీ అనుకోలేదు. ఆ వారమంతా ఎవరేమన్నా నాకు హాయిగానే ఉంది.

కానీ ఒక్క దృశ్యం నన్ను వదలదు. చెల్లెలి ఇంటి దారిలో, పులిహోర కబుర్ల మధ్య అద్దంలో చూశాను. హెలెన్ కళ్ళు మూసుకుని మోకాలి మీద వేళ్ళతో తాళం వేస్తోంది. మా మాటలకు తాళం. చూస్తుండగానే వేళ్ళు నెమ్మదించాయి. ఆగిపోయాయి. తల పక్కకు వాలింది. నా కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్ళింది. మెడిక్ వంగి ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు, ముక్కు దగ్గర చెవి పెట్టాడు. తల ఎత్తి, అద్దంలో నా కళ్ళలోకి చూస్తూ తెలుగులో చెప్పాడు.

"పడుకుంది అక్కా. ఊరికే పడుకుంది."