తొమ్మిదో డై

మా వదినకు కోపం వస్తే గిన్నెలు విసరదు, ప్రోగ్రాం రాస్తుంది. వంటగది బల్ల మీద ఒక పక్క కూరగాయల తొక్కలు, ఇంకో పక్క కంప్యూటరు. ఏ అనుమానం వచ్చినా సీ అనే కంప్యూటరు భాషలో ఒకటి, పైథాన్‌లో ఒకటి చిన్న ప్రోగ్రాములు రాసి రెంటినీ పోట్లాటకు దింపుతుంది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు కదా, ఆ హోదాలో నేను పక్కన కూర్చుని సణుగుతాను. సణిగినా వదలదు, విడమరిచి చెబుతుంది. ఆ మొండితనం చూస్తే ముచ్చటేస్తుంది, ఒళ్లూ మండుతుంది.

రేకులు నొక్కే మా కార్ఖానాలో పెద్ద ప్రెస్సును నడిపే ప్రోగ్రాం ఆమెదే, సీలో రాసింది. ఆ ప్రెస్సు మీద మా అన్నయ్య, పక్కదాని మీద నేను. చెయ్యి అడ్డొస్తే ఆపే సెన్సర్ ఉంది కదా అన్న ధీమాతో, ఆ రోజు అన్నయ్య పెడలు తొక్కుతూనే రేకు సర్దబోయాడు. ప్రెస్సు ఆగలేదు. కుడిచేతి మూడు వేళ్లు రేకుతో పాటే నలిగిపోయాయి. మొహం మీద చిమ్మిన నెత్తురు తుడుచుకునే ఓపిక కూడా నాకు లేకపోయింది.

ఫోర్‌మన్ వెంటనే సెన్సర్‌ను పరీక్షించాడు. శుభ్రంగా పనిచేసింది. "తాగొచ్చి చెయ్యి పెట్టాడు," అని తేల్చేశాడు. ఆ మాట తెలిసి అన్నయ్య కట్టుతోనే వచ్చి, ఎడమచేత్తో అతని ముందుపళ్లు రాల్చాడు. పనిలోంచి తీసేశారు. ఇంటికొచ్చి అద్దం పగలగొట్టాడు.

"నేను తాగలేదే! నువ్వన్నా నమ్ము!" అని వదిన మీద అరిచాడు.

వదిన వెళ్లి బల్ల ముందు కూర్చుంది. "రేకును నొక్కే అచ్చులు, ఆ డైలు, ఎనిమిదే ఉంటాయని ప్రోగ్రాంలో ఎనిమిది గదులు కట్టాను. ఒక్కోదాంట్లో ఆ డై ఎన్ని దెబ్బలు కొట్టిందో లెక్క. ఆ పక్క గది సెన్సర్‌ది. అందులో సున్నా ఉంటే సెన్సర్ నిద్రపోయినట్టు, ఇంకేమున్నా మేలుకున్నట్టు. ఆ రోజు బిగించింది ఎన్నోది?"

"కొత్తగా వచ్చిన తొమ్మిదోది. దాని మొదటి దెబ్బకే వేళ్లు పోయాయి," అన్నాను.

పైథాన్‌ను తొమ్మిదో గది చూపించమని వదిన అడిగింది. అలాంటి గది లేదని అది మొండికేసి ఆగిపోయింది. సీని అడిగింది. అది కిక్కురుమనకుండా పక్కనున్న సెన్సర్ గదిలో దూరి, కొత్త డై లెక్కకు సున్నా వేసింది. ఒక్క దెబ్బ పడగానే ఆ సున్నా ఒకటైంది.

"మొదటి దెబ్బకు మాత్రమే సెన్సర్ గుడ్డిది. తర్వాత చూస్తే బాగానే ఉంటుంది," అంటూ తల బల్లకేసి కొట్టుకుంది. నేను ఆపలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ రెండు తగిలించాలనిపించింది.

మర్నాడు మా ఇద్దర్నీ లాక్కుని కార్ఖానాకు వెళ్లి, తప్పు తనదేనని అందరి ముందూ చెప్పింది.

"మొగుణ్ణి కాపాడుకోడానికి కథలా?" అన్నాడు ఫోర్‌మన్, ఊడిన పళ్ల సందులోంచి. "అంత నిజమైతే నీ చెయ్యి పెట్టు."

"పెడతా."

తొమ్మిదో డై మళ్లీ ఎక్కించి లెక్క సున్నా చేసింది. డై మీద అరచెయ్యి పరిచింది. ఆమె పెడలు తొక్కడమూ, అన్నయ్య కట్టు చేత్తోనే ఆమె మొహం మీద కొట్టడమూ ఒక్కసారే జరిగాయి. వదిన వెనక్కి పడింది. ఊడిన కట్టు గుడ్డ సెన్సర్‌కు అడ్డంగా వేలాడుతుండగానే ప్రెస్సు దిగి దాన్ని తెగ్గొట్టింది. కార్ఖానా అంతా చూసింది.

"తాగలేదు," అని గొణిగాడు ఫోర్‌మన్. అన్నయ్య అతనివైపు చూడను కూడా చూడలేదు.

"కొట్టావా?" అంది వదిన, పగిలిన పెదవి తడుముకుంటూ.

"కొట్టాను," అన్నాడు. అన్నయ్య చేతిలోంచి రక్తం మళ్లీ కారుతోంది. "మనింటికి పోయిన మూడు వేళ్లూ చాలవా?"