చిల్లి లేని పావు

ఇన్సాఫ్ ముతవల్లీకి నాణేన్ని చూసేది కన్ను కాదు, కుడిచేతి బొటనవేలు. అలెగ్జాండ్రియా ట్రాములో ఇరవై రెండేళ్ళు టిక్కెట్లు చింపిన మనిషి ఆమె. ఆ సంవత్సరాలలో టిక్కెట్టు వెల సరిగ్గా పావు గినీ. పావు గినీ అంటే ఈజిప్టు డబ్బులో నడుమ చిల్లి ఉన్న తెల్లని బిళ్ళ. ప్రయాణికుడు బిళ్ళ అందించేవాడు, ఆమె వేలు చిల్లిని తడిమేది, బిళ్ళ తోలుసంచిలో పడేది. ఈలోగా ఆమె చూపు తలుపు పట్టుకుని వేలాడే వాళ్ళ మీద ఉండేది. చిల్లి తగిలితే పావు. తగలకపోతే ఎవడో వేరే నాణెం అంటగడుతున్నాడన్నమాట.

జీతం కోసం చేసే పని అది. ఆమె ప్రాణం పెట్టింది మాత్రం మరొకదాని మీద. టంకశాలలో అచ్చు జారి అక్షరాలు అంచుదాటి పోయిన నాణెం, బొమ్మ ఒకవైపు నిటారుగా ఉంటే రెండోవైపు తలకిందులైన నాణెం, చంద్రవంకలా ఒక మూల కొరికినట్టున్న నాణెం, ఇలా పొరపాటున పుట్టి ఎవరి కంటా పడకుండా సంతలోకి వచ్చేసిన వాటిని ఆమె వెతికేది. దొరికినప్పుడల్లా తన సొంత బిళ్ళ ఒకటి సంచిలో వేసి దాన్ని బయటికి తీసేది. డిపోకి కొత్త నాణేల గుడ్డసంచులు వచ్చిన రోజున కుట్టు విప్పే పని తనకే ఇమ్మని పట్టుబట్టేది. ఊరంతా చిల్లర కోసం అల్లాడుతుంటే ఈమె చిల్లరలో తప్పులు ఏరుతున్నదని తోటివాళ్ళకు వేళాకోళం.

"వచ్చిందమ్మా చిల్లర మంత్రిగారు!" అనేవాడు డ్రైవరు.

"మంత్రినైతే మొదట నీ బ్రేకులు బాగుచేయిస్తాను, తోలు" అనేది ఆమె.

ఒక చలికాలపు ఉదయం చేపలబుట్టతో ఎక్కిన ఒకాయన బిళ్ళ ఇచ్చాడు. బొటనవేలు అలవాటుగా నడుమకు వెళ్ళి, అక్కడ ఆగిపోయింది. చిల్లి లేదు. తిరిగి ఇచ్చేయడానికి చెయ్యి చాచింది కూడా. కాని అంచుగీతలు పావు గీతలే, పరిమాణం పావుదే. అప్పుడు చూసింది. అక్షరాలు, అంకె, సంవత్సరం అన్నీ చిల్లి చుట్టూ ఉండవలసిన తీరులోనే ఒదిగి ఉన్నాయి. నడుమ మాత్రం శూన్యానికి బదులు లోహం ఉంది.

"ఏమమ్మా, టిక్కెట్టు ఇస్తావా, కాఫీ కప్పులో జాతకం చూసినట్టు చూస్తూ నిలబడతావా?" అన్నాడు చేపలాయన.

"నీ జాతకమే చూస్తున్నాను నాయనా, బ్రహ్మాండంగా ఉంది. ఇంద, టిక్కెట్టు."

ఆ తరువాత రెండు స్టేషన్ల వరకు ఎవరి దగ్గరా ఆమె ఏమీ వసూలు చేయలేదని, గుండె చప్పుడుకు ట్రాము చప్పుడు వినిపించలేదని, ఆమే మాతో చెప్పింది.

మేము అంటే అత్తారీన్ వీధి కాఫీహోటల్లో శుక్రవారం నమాజు తరువాత చేరే నాణేలవాళ్ళం. పాలరాతి బల్ల చుట్టూ ఆరు కుర్చీలు. బల్లకు పెద్ద హాజీ షిహాతా. పాత నాణేల దుకాణం ఆయనది. ఎవరు ఏ నాణెం తెచ్చినా ఆయన అరచేతిలో పెట్టుకుని ఒక్క మాట అనేవాడు. "లోపలిది" అంటే టంకశాలలో పుట్టిన నిజమైన బిడ్డ. "బర్రానీ" అంటే బయటిది, దొంగది. మా ఊరి భాషలో దొంగనాణేనికీ పరాయి మనిషికీ ఆ మాట ఒక్కటే. ఆయన లోపలిదన్న వాటికే ఏటేటా జరిగే ప్రదర్శనలో అద్దాలపెట్టెలో చోటు. ఇన్సాఫ్ పదకొండేళ్ళుగా వస్తున్నా ఆమె కూర్చునేది బల్ల దగ్గర కాదు, తలుపు పక్కన ఉండే స్టూలు మీద. ఇటు రమ్మని మాలో ఎవరమూ పిలవలేదు. ఆమె తెచ్చిన ఏ నాణేనికీ అద్దాలపెట్టె దక్కలేదు. "చిన్న తప్పులు, సిత్ ఇన్సాఫ్. వీటిని పిల్లలకివ్వు" అనేవాడు హాజీ. సిత్ అంటే మా వైపు అమ్మగారు.

ఈసారి ఆమె స్టూలు దగ్గర ఆగకుండా నేరుగా వచ్చి బిళ్ళను ఆయన ముందు పెట్టింది. హాజీ దాన్ని తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ తరువాత అన్నాడు: "చిల్లిని పూడ్చారు. ఎవడో కంసాలి చేతివాటం. బర్రానీ."

"కాదు" అంది ఇన్సాఫ్.

ఆ బల్ల దగ్గర ఆ మాట అంతకుముందు ఎవరూ అనగా నేను వినలేదు.

ఆమె బిళ్ళను పాలరాతి మీద జారవిడిచింది. అతికిన నాణెంలా బొంగురుపోకుండా గణగణమని మోగింది. రిటైరైన బడిపంతులు ఉస్తాద్ ఫానూస్ భూతద్దం తీసి, రెండువైపులా వెతికి, "హాజీ, నాకు అతుకు కనిపించడం లేదు" అన్నాడు.

"మంచి పనివాడు అతుకు కనిపించనిస్తాడా, ఉస్తాద్?"

ఇది తర్కంలో చాలా పాత ఉచ్చు. అతుకు కనిపిస్తే దొంగనాణెం. కనిపించకపోతే మరీ గొప్ప దొంగనాణెం. నిర్దోషికి ఇందులోంచి దారి లేదు. నిజానికి అబద్ధమూ పొరపాటూ ఒక్క ఇంటివి కావు. అబద్ధానికి ఒప్పులా కనిపించాలన్న తాపత్రయం ఉంటుంది. అందుకే దొంగనాణెం చిల్లిని ఎప్పుడూ సరిగ్గా నడుమనే పెట్టుకుంటుంది. పొరపాటుకు ఆ తాపత్రయం లేదు. తెలుగువాళ్ళు పనికిరానిదాన్ని చిల్లిగవ్వ అంటారట. ఇక్కడ చిల్లి లేకపోవడమే ఆ బిళ్ళ చేసిన నేరం.

ఇదంతా నేను ఆనాడు నోరు తెరిచి అన్నది కాదు. ఆనాడు నేను టీ తాగుతున్నాను.

"సర్లే, వింతగా ఉంది, నాకిచ్చిపో" అన్నాడు హాజీ. "ఇవాళ నీ టీ నా లెక్క." తెలియక బర్రానీ అన్నాడో, తెలిసే అన్నాడో నేను నేటికీ తేల్చుకోలేకపోయాను.

ఇన్సాఫ్ వెనక్కు తిరిగి వడ్డించేవాణ్ణి పిలిచింది. "జాబర్! నిప్పులు పట్రా."

"హుక్కా తాగుతారా, సిత్? ఏ రుచి పెట్టమంటారు?"

"రుచి నేను తెచ్చుకున్నాను. నువ్వు నిప్పు తే. విసనకర్ర కూడా."

జాబర్ ఇనుపపళ్ళెంలో ఎర్రని బొగ్గులు తెచ్చాడు. ఆమె బిళ్ళను పట్టకారుతో పట్టి వాటి నడుమ పెట్టింది. ఉస్తాద్ ఫానూస్ కుర్చీలోంచి లేచాడు.

"వద్దు తల్లీ! నిప్పు తగిలితే పుట్టురంగు పోతుంది. రంగు పోయాక కొనేవాడుండడు. నిజమైనదే అయితే చేజేతులా చంపుకున్నట్టే!"

"తెలుసు, ఉస్తాద్. అబద్ధమని పేరు పెట్టుకుని బతికేదానికి రంగెందుకు? విసురు, జాబర్."

జాబర్ విసిరాడు. నిప్పురవ్వలు హాజీ జుబ్బా అంచుదాకా వెళ్ళాయి. బిళ్ళ మొదట గడ్డిరంగుకు, తరువాత నీలానికి తిరిగి, చివరకు మసకఎరుపెక్కింది. చిల్లిని ఏ కంసాలి దేనితో పూడ్చినా ఆ వేడికి అతుకు నిలవదు. నిలిచినా, ఎర్రగా కాగి చన్నీళ్ళలో పడ్డాక నోరు తెరవక మానదు. బల్ల చుట్టూ ఉన్న వాళ్ళందరికీ ఇది తెలుసు. అందుకే అందరూ పళ్ళెం మీదికి వంగారు. ఆమె బిళ్ళను తీయబోయింది. పట్టకారు రెండుసార్లు జారింది. పదకొండేళ్ళ వెతుకులాటలో దొరికిన ఒకే ఒక్క అరుదైన వస్తువు కళ్ళముందు కాలుతుంటే పట్టు జారని వాళ్ళుండరు. ఆమెను ధీరురాలనడం తేలిక. ఆ మాట నేను వాడను. మొండిమనిషి, అంతే.

మూడోసారి బిళ్ళను పట్టి నీళ్ళగ్లాసులో వేసింది. సుయ్యిమంది. జాబర్ గ్లాసును బల్ల మీద ఒంపాడు. బిళ్ళ నల్లగా, మచ్చలు పడి, ఒక్క ముక్కగా ఉంది. నడుమ లోహం ఎలా ఉన్నదో అలాగే ఉంది.

అప్పుడు హాజీ షిహాతా అరిచాడు. "పాడు చేశావే! నాశనం చేశావు కదే! అది ఎంత పలికేదో తెలుసా నీకు?"

"ఎంత, హాజీ?" అంది ఇన్సాఫ్ నెమ్మదిగా. "బర్రానీ ఎంత పలుకుతుందేమిటి?"

జాబర్ పళ్ళెం చాటున నవ్వాడు. ఉస్తాద్ ఫానూస్ భూతద్దం తుడుచుకోవడంలో మునిగాడు. హాజీ ముఖం తుడుచుకుని, గడ్డం సవరించుకుని, బిళ్ళ వైపు చూస్తూ అన్నాడు: "లోపలిదే... అయి ఉండేది."

"అయి ఉండేది కాదు. ఇప్పటికీ లోపలిదే. ఆ మాట సరిగ్గా అనండి."

బయట వీధిలో పాతసామాన్ల బండివాడి కేక వినిపించి, దూరమైంది.

"లోపలిదే" అన్నాడు హాజీ.

ఆమె బిళ్ళను రుమాలులో చుట్టింది. ఉస్తాద్ ఫానూస్ తన కుర్చీని ఆమె వైపు జరిపాడు. ఆమె దాన్ని చూసింది కాని కూర్చోలేదు, జాబర్ అందించిన టీ నిలబడే తాగింది. హాజీకి మాత్రం వ్యాపారపు గొంతు తిరిగి వచ్చింది.

"చూడు సిత్, ఇంకా మించిపోయింది లేదు. మసి తోమిస్తే మళ్ళీ తెల్లబడుతుంది. నాకు తెలిసిన కంసాలి ఉన్నాడు, చెయ్యి పెట్టినట్టే తెలియదు. అప్పుడు అద్దాలపెట్టెలో మొదటి వరసలో పెడదాం."

"ఏ కంసాలి, హాజీ? అతుకు కనిపించకుండా చిల్లి పూడ్చేవాడేనా?"

ఈసారి జాబర్ ఒక్కడే కాదు, బల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఆలస్యంగా.

"మసి ఉంటుంది" అందామె. "లోపలిదే అని మీరు అనడానికి ఎంతసేపు పట్టిందో దానికీ గుర్తుండాలి. పెట్టెలో చోటిస్తే ఇలాగే ఇవ్వండి, లేకపోతే నా సంచిలో చోటుంది. మూడింటికి నా ట్రాము బయల్దేరాలి."

తాగిన టీకి ఆమె కొన్ని పావులు బల్ల మీద ఉంచి వెళ్ళింది. జాబర్ వాటిని పోగుచేస్తూ, ఎన్నడూ లేనిది, ఒక్కొక్కదాని నడుమ బొటనవేలు పెట్టి తడిమాడు. అన్నిటికీ చిల్లి ఉంది.

"ఛ!" అన్నాడు.