ఐస్ పెట్టెలో డాల్ఫిన్ కొవ్వు

దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. పోయిన ఎండాకాలం లింగంపల్లి స్టేషన్ దగ్గర గచ్చిబౌలి బస్సెక్కాను, సీటు దొరికింది. పక్కన నిలబడ్డ అమ్మాయి చేతిలో ఐస్ పెట్టె ఉంది. "ఇటియ్యి బిడ్డా, నా ఒళ్ల పెట్టుకుంట" అని అందుకున్నాను.

"చేపలా? జర వాసన గిట్ల రాదు గద?"

"చేపలు కాదండి, డాల్ఫిన్ కొవ్వు. కాకినాడ దగ్గర ఓ డాల్ఫిన్ చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిందండి. సోఫాలు, కంప్యూటర్లు నిప్పంటుకోకుండా వాటిలో కలిపే మందు సముద్రంలో చేరుతోంది. అది దీని కొవ్వులో పేరుకుందేమో చూడాలి. చల్లదనం పోతే పరీక్షకు తీసుకోరండి."

కొండాపూర్‌లో ట్రాఫిక్‌కు బస్సు ఆగిపోయింది. నా చీర తడిసింది. మూత తీస్తే ఐసు నీళ్లవుతోంది. ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

కిటికీ పక్కనే చెరుకురసం బండి కనిపించింది. "ఓ అన్నా! నీ ఐసంత ఇయ్యి!" అని అరిచాను.

"గంత ఇస్తే రసమెట్ల అమ్మాలె అక్కా?"

"డాల్ఫిన్ కోసమే అన్నా!"

"హైదరాబాద్‌ల డాల్ఫినేంది?" అని నవ్వుతూనే అతను గోనెసంచిలోని ఐసుగడ్డ పగలగొట్టి అందించాడు. ముక్కలన్నీ పెట్టెలో కొవ్వున్న గాజు సీసా చుట్టూ కూరాం.

గచ్చిబౌలిలో ఆ పిల్ల పెట్టెతో దిగి, ఎదురుగా ఉన్న ప్రయోగశాలలోకి పరిగెత్తింది. మా బస్సింకా ట్రాఫిక్‌లోనే ఉంది. కాసేపటికి గేటు బయటికొచ్చి, రెండు చేతులూ ఎత్తి "తీసుకున్నారండీ!" అని కేకేసింది. బస్సంతా చప్పట్లు కొట్టింది.

పేరు అడగలేదు. పరీక్షలో ఏం తేలిందో తెలియదు. సముద్రం ఎన్నడూ చూడని నా ఒళ్లో సముద్రం కాసేపు కూర్చుని పోయింది. మీరు పట్టిన పనులూ అలాగే గట్టెక్కాలి, మీ ఇల్లు పచ్చగా ఉండాలి.