విస్తరాకుల్లో కారు

యుద్ధంలో పెట్రోలు దొరక్క, చిత్తూరులో మా ఇంటి వెనక రేకుల కొట్టంలో మామగారి కారును ఇటుకల మీద నిలబెట్టేశారు. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ అది గోనెపట్టాల కిందే ఉంది. యుద్ధం ముగిశాక మా ఆయన పాకాల నుంచి ఒక మెకానిక్కును పిలిపించి, దాన్ని పూర్తిగా విప్పించి బాగుచేయించడం మొదలుపెట్టారు.

పాపను చంకనేసుకుని నేను రోజూ అక్కడే. వెనక సీటు లేపితే ఎలుకల గూడు, అందులో అత్తగారి పాత చీర అంచు ముక్క. కాలేజీలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న పిస్టను ఇంత బరువుంటుందని చేతిలోకి తీసుకునేదాకా నాకు తెలియదు.

"ఇది దేనికి?"

"ఇంజను ఊపిరి పీల్చేదానికమ్మా."

"మరి ఇది?"

"ఇడిసేదానికి. ఇట్ల అడగతా ఉంటే బండి బాగయ్యేలోగా మీరే నాకు మేస్త్రీ అయిపోతారు."

విప్పిన సామాను కలిసిపోకుండా అతను విస్తరాకులు పరిచేవాడు. ఒక్కో చక్రంలోవి కిరసనాయిలులో కడిగి ఒక్కో ఆకులో పెట్టేవాడు. చూస్తే బంతి భోజనాలే.

ఒకరోజు పాపను కింద దించి ఇంజనులోకి తొంగి చూస్తున్నాను. తిరిగి చూసేసరికి పాప ఒక ఆకు ముందు బుద్ధిగా కూర్చుని ఉంది. ఆకు ముందు కూర్చుంటే తినాలని నేర్పింది మేమే కదా. ఆకులో బేరింగు గుండ్లు, చిన్న రేగుపండ్లంతవి, తళతళలాడుతున్నాయి.

మెకానిక్కు వచ్చి లెక్కపెట్టి, "ఒకటి తక్కువుండాదే" అన్నాడు.

పాప నోట్లో వేలు పెట్టి చూశాను. ఏమీ లేదు. నోరు పెరుగన్నం వాసనే. చేతులు మాత్రం కిరసనాయిలు.

"యాడో దొర్లుకోని పోయుంటాది లే" అంటూనే మా ఆయన కారు కింద దూరి వెతకసాగారు.

దేవుడి గదిలో అత్తగారు పూజలో ఉన్నారు. పూజ మధ్యలో మాట్లాడరు. "అత్తా, పాప గుండు మింగిందేమో!" అని అరిచాను. జవాబుగా గంట మోగింది. మళ్లీ అరిచాను. ఇంకా గట్టిగా మోగింది. ఆస్పత్రికి జట్కా పిలవమని నేను ఏడుస్తుంటే, ఆవిడ హారతి పళ్లెంతో గుమ్మంలోకి వచ్చారు.

"ఏందే ఆ గోల? గంట కొడతానే ఉండా గదా! గుండు నేనే ఎత్తినా, పొద్దున్నే."

"నీకెందుకుమా అది?" అన్నారు మా ఆయన, కారు కింద నుంచే.

"గుడి బాగుచేసేటప్పుడు సామిని కలశంలోకి దించరా? బండినంతా ఊడబెరికినారు. మళ్లా బిగించేదాకా దాని పాణం యాడుండాల?"

"పాణం పెట్టేదానికి గుండే దొరికిందా?"

"ఆకు తట్టితే అదొకటే కదిలింది. మిగతావన్నీ పడుంటే పడున్నట్టే."

పటాల పక్కన రాగి చెంబు. నీళ్ల అడుగున గుండు, పైన తులసాకు. పాపను గట్టిగా హత్తుకున్నాను.

"నీళ్లలో తుప్పు పడతాది పెద్దమ్మా, ఇచ్చెయ్" అన్నాడు మెకానిక్కు.

"బండి పూర్తిగా బిగించి రా, ఇస్తా."

"అది లేకుండా సక్రం ఎట్ల బిగించేది?"

చివరికి ఆ చక్రాన్ని అన్నిటికన్నా ఆఖరున బిగించాలనీ, అందాకా చెంబులో నీళ్లకు బదులు ఆముదం పోయాలనీ రాజీకొచ్చారు.

ఆ చక్రం బిగించేదాకా నేను రోజూ పొద్దున్నే లేచి, ఆ చెంబులో చెయ్యి పెట్టి చూసేదాన్ని. గుండు వేలికి తగిలాకే పాపకు పాలు పట్టడం. చదువుకున్న కోడలికి ఇన్నాళ్లకు భక్తి కుదిరిందని అత్తగారు పక్కింటావిడతో చెబుతుంటే విన్నాను. ఆముదం చేతిని కొంగుకు తుడుచుకున్నాను.